నాడి కాగితం

నా కుడిచేతి చూపుడువేలి కింద, మధ్యవేలి కింద ఒక పిల్ల నాడి కొట్టుకుంటూ ఉంటుంది. నాది కాదు. నా నాడి సంగతి నాకు తెలుసు, డెబ్బై ఎనిమిది దగ్గర బద్ధకంగా నడుస్తుంది. ఇది వేరే. స్టీరింగ్ పట్టుకున్నప్పుడు వస్తుంది, చపాతీ పిండి కలిపేటప్పుడు వస్తుంది, ఆఫీసు మీటింగులో మౌస్ మీద చెయ్యి పెట్టుకుని ఊరికే కూర్చున్నప్పుడు వస్తుంది. డాక్టరుకు చెబితే నరాల మీద ఒత్తిడి అన్నాడు, మణికట్టుకు పట్టీ కట్టుకోమన్నాడు. కట్టుకున్నాను. పట్టీ ఉన్నా కొట్టుకుంటూనే ఉంది.

మేము కెనడాలో, టొరంటో పక్కన ఓక్‌విల్‌లో ఉంటాం. నాది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. ఇతరులు చేసిన తప్పులు వెతికి పట్టుకుని, ఫలానా చోట ఫలానా తప్పు అని రాసి పంపడం. పదహారేళ్లుగా చెడ్డపేరు రాకుండా చేస్తున్నాను. మా అమ్మాయి తొమ్మిదో తరగతిలో ఉండగా ఎవరో స్నేహితురాలి వెంట వెళ్లి క్రాస్ కంట్రీ స్కీయింగ్ మరిగింది. కొండ మీద నుంచి జర్రున జారే ఆట కాదు, అదైతే నాకూ కొంత అర్థమయ్యేది. ఇది సన్నటి పొడుగాటి స్కీలు కట్టుకుని, రెండు చేతుల్లో రెండు కర్రలతో మంచును వెనక్కి తోసుకుంటూ, అడవి దారుల్లో ఎగుడూ దిగుడూ పడి పోవడం. చివరి గీత దాటగానే పిల్లలు మంచులో కూలబడతారు, కొందరు కక్కుకుంటారు కూడా. మొదటిసారి చూసినప్పుడు, ఇంతకంటే రోజంతా బావిలో నీళ్లు తోడటం సుఖం కదా అనుకున్నాను.

ఈ ఆట వాళ్ల క్యాంపు ఆగస్టు చివరి వారంలో. మంచు పడేదేమో డిసెంబరులో. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అని మొదటి ఏడాది నవ్వాను. ఆ సామెత అర్థం కోచ్‌కు ఇంగ్లీషులో చెప్పబోయి నవ్వులపాలయ్యాను కూడా. కోచ్‌కు అరవై దాటాయి. ఒకప్పుడు ఆవిడా దేశం తరఫున పందేలు ఆడింది, ఇప్పటికీ ఒంట్లో పిసరు కొవ్వు లేదు, పది మాటలు కావలసిన చోట రెండే మాట్లాడుతుంది. చలికాలంలో గెలిచేవాళ్లెవరో ఎండాకాలంలోనే తేలిపోతుందని, మంచు పడ్డాక చేసేదేమీ లేదని చెప్పింది.

ఓక్‌విల్ నుంచి ఉత్తరానికి నాలుగు గంటల ప్రయాణం. టొరంటో ట్రాఫిక్ దాటడానికే గంటన్నర పడుతుంది. ఆ తర్వాత రాతి గుట్టలు, పైన్ చెట్లు, ఒకదాని వెనక ఒకటి సరస్సులు. అందులో ఒక సరస్సు ఒడ్డున పాత చెక్క కాటేజీలు నాలుగు, ఒక పెద్ద వంటిల్లు, దానికో వరండా. పద్నాలుగు మంది పిల్లలు, కోచ్, వ్యాన్ నడపడానికి ఒక నాన్న, వంటకు నేను. తల్లిదండ్రుల్లో ఎవరు ఏం చేయగలరో రాసి పంపమని క్లబ్బు వాళ్లు అడిగినప్పుడు నాకు చేతనైందే రాశాను: ఇరవై మందికి వండగలను. ఓట్స్ గంజి, పాస్తా వాళ్ల కోసం. నిమ్మకాయ పులిహోర నా కోసం. మూడో రోజుకల్లా నా గిన్నే ముందు ఖాళీ అయ్యేది.

పొద్దున రోలర్ స్కీలు. అంటే మూరన్నర పొడుగు బద్దకు ముందొక చక్రం, వెనకొక చక్రం. అవి కట్టుకుని తారురోడ్డు మీద పోతూ కర్రల ఇనుప మొనలతో పొడుస్తుంటే టక్కు టక్కుమని చప్పుడు మైలు దూరం వినిపించేది. సాయంత్రం అవే కర్రలు పట్టుకుని గుట్ట ఎక్కుతూ గెంతడం. మధ్యలో ఈత, తిండి, నిద్ర. పదహారేళ్ల పిల్లలు మధ్యాహ్నం చెప్పకుండానే నిద్రపోవడం నేను అక్కడే చూశాను.

వంట కాక నాకింకో పని అప్పగించారు. పిల్లలు పొద్దున మెలకువ రాగానే, ఇంకా కాలు కింద పెట్టకముందే, పడుకునే మణికట్టు పట్టుకుని నిమిషం పాటు తమ నాడి లెక్కపెట్టుకోవాలి. ఆరున్నరకు నేను అట్టకు తగిలించిన కాగితం పట్టుకుని గది గదికీ వెళ్లి వాళ్లు చెప్పిన అంకె రాసుకోవాలి. తర్వాత ఆ కాగితం వంటింటి గోడకు అంటించాలి. ప్రతి ఒక్కరికీ ఒక మామూలు అంకె ఉంటుంది. దానికంటే పది ఎక్కువ కొట్టుకుంటే ఆ రోజు వాళ్లకు ట్రైనింగ్ లేదు. బతిమాలినా లేదు, ఏడ్చినా లేదు. జ్వరం సంగతి ఒంటికంటే ముందు నాడికి తెలుస్తుందని కోచ్ అనేది. మన వైద్యులూ ముందు చెయ్యే పట్టుకుని చూస్తారు గనక, ఈ దేశంలో నాకు వెంటనే నచ్చిన రూలు అదొక్కటే. పిల్ల చెప్పిన అంకె, నేను రాసిన అంకె. కోచ్ మళ్లీ చూసేది కాదు. నా మీద అంత నమ్మకం.

మొదట చెప్పిన ఆ నాడి ఒక అమ్మాయిది. ఆ అమ్మాయి టొరంటోకు అవతల ఉన్న ఒషావా నుంచి వచ్చేది. తండ్రి ఇంట్లో లేడు, ఎక్కడో ఉన్నాడు. తల్లి ముసలివాళ్ల హోమ్‌లో నైట్ షిఫ్టులు చేస్తుంది. ఇంట్లో ఒక చెల్లెలు. క్యాంపులో మా అమ్మాయీ తనూ ఒకే గది, మా అమ్మాయి పై మంచం, తను కింది మంచం. మా ఇళ్లలో పెద్దవాళ్లను ఏమని పిలుస్తారో మా అమ్మాయిని అడిగి తెలుసుకుని నన్ను ఆంటీ అనేది, అదీ చివర గట్టిగా నొక్కి. పోపు వేస్తుంటే పక్కన నిలబడి ఇదేమిటి, అదేమిటి అని అడిగేది, ఆవాలు చిటపటమంటే ఒక అడుగు వెనక్కి వేసేది. నాకు ముద్దొచ్చేది. రెండేళ్లుగా ప్రతి పందెంలోనూ ఆ అమ్మాయి ముందు, మా అమ్మాయి వెనక. ఇద్దరికీ తేడా ఎప్పుడూ పది పదిహేను సెకన్లే. మా అమ్మాయి ఆ వీపు తప్ప ముందు ఇంకేమీ చూడలేదని ఇంట్లో ఏడిపించేవాళ్లం.

క్యాంపు ఆఖరి రోజు కొండ మీదికి టైమ్ ట్రయల్. సరస్సు రోడ్డు నుంచి పైన ఉన్న పాత కాపలా గోపురం దాకా ఆరు కిలోమీటర్లు, అంతా ఎక్కుడే. నిమిషానికొకరిని వదులుతారు. అమ్మాయిల్లో ప్రావిన్స్ జూనియర్ టీముకు ఇంకా ఒక్క చోటు మిగిలి ఉంది, అది ఆ రోజు తేలుతుంది. ఆ అమ్మాయికో, మా అమ్మాయికో. ఈ సంగతి పద్నాలుగు మంది పిల్లలకూ, వాళ్ల తల్లిదండ్రులకూ తెలుసు.

ఆ పొద్దున నేను వెళ్లేసరికి మా అమ్మాయి అంకె చెప్పేసి మొహం కడుక్కోవడానికి వెళ్లిపోయింది. ఆ అమ్మాయి ఒక్కతే పడుకుని పైమంచం అడుగు చెక్కల్ని చూస్తోంది. ఎంత అన్నాను. అరవై ఆరు అంది. తన మామూలు అంకె యాభై. లెక్క తప్పావేమో అని మంచం పట్టె మీద కూర్చుని, మణికట్టు మీద రెండు వేళ్లు పెట్టి, గడియారం చూస్తూ నిండా నిమిషం నేనే లెక్కపెట్టాను. అరవై ఆరే. చెయ్యి వెచ్చగా ఉంది. దుప్పటి కింద నుంచి అప్పుడే తీసిన చెయ్యి వెచ్చగా ఉండక ఏమవుతుంది అనుకున్నాను.

యాభై అని రాయమని అడిగింది. గొంతు తగ్గించి, “ప్లీజ్, ఆంటీ” అంది. నాకు గుర్తున్నది అదే. నేను యాభై అని రాశాను.

ఇక్కడ నా గురించి ఒక మాట చెప్పాలి. గుంటూరులో డిగ్రీ చదివేటప్పుడు ఫిజిక్స్ ల్యాబులో లోలకం ప్రయోగం ఉండేది. దారానికి గుండు కట్టి ఊపి, ఇరవై ఊపులకు ఎన్ని సెకన్లో చూసి గురుత్వ త్వరణం లెక్క కట్టాలి. జవాబు తొమ్మిది వందల ఎనభై దగ్గర రావాలని పుస్తకంలోనే ఉంటుంది. అందుకని మేమెవరమూ గుండు ఊపేవాళ్లం కాదు. జవాబు దగ్గర మొదలుపెట్టి వెనక్కి లెక్క కట్టి, అక్కడొకటి ఇక్కడొకటి కాస్త తేడా పెట్టి రీడింగులు కుక్ చేసేవాళ్లం. ల్యాబు సారుకు తెలుసు, ఆయన కూడా అలాగే పాసయ్యాడు. సంతకం పెట్టేవాడు. హాజరు పట్టీ కూడా అంతే, మెడికల్ సర్టిఫికెట్టూ అంతే. పదో తరగతి సర్టిఫికెట్లో నా పుట్టినరోజే ఒక ఏడాది అటూ ఇటూ. ఆ తేదీతోనే వీసా, పీఆర్, అన్నీ అప్లై చేశాను. దీన్ని మనం అబద్ధం అనం, అడ్జస్ట్ చేయడం అంటాం. ఎవరికీ నష్టం లేని చోట అంకెను కాస్త జరిపితే అది మంచితనమే అనుకుంటూ నలభై ఐదేళ్లు బతికినదాన్ని. అక్కడ ఇంకే తల్లి ఆ కాగితం పట్టుకుని ఉన్నా పెన్ను అంత తేలిగ్గా కదిలేది కాదు.

కొండపైన దుప్పట్లు, నీళ్లు, నారింజ తొనలు పెట్టుకుని నేను నిలబడ్డాను. ఒక్కొక్కరే వస్తున్నారు. ఆ అమ్మాయిని మా అమ్మాయి కంటే ఒక నిమిషం ముందు వదిలారు. టక్కు టక్కుమని చప్పుడు దగ్గరకొచ్చింది, మలుపు తిరిగి వచ్చింది మా అమ్మాయి. నేను చప్పట్లు కొట్టాను. మొదటిసారి ముందొచ్చింది కదా. ఆ చప్పట్లు తలుచుకుంటే ఇప్పటికీ చేతులు దాచుకోవాలనిపిస్తుంది. మా అమ్మాయి కర్రల మీద వాలి ఊపిరి పీల్చుకున్నాక చెప్పింది, ఆ అమ్మాయి కింద మూడో మలుపులో రోడ్డు పక్క రెయిలింగ్ పట్టుకుని వంగి నిలబడి ఉందని, పట్టీ సరిచేసుకుంటోంది అనుకున్నానని. మేము ఎదురుచూశాం. తర్వాత బయల్దేరినవాళ్లూ తను ఊరికే ఆగి ఉందనుకుని దాటి వచ్చారు, తను రాలేదు. వెనకాల వచ్చే వ్యాన్ హారన్ ఆగకుండా మోగడం మొదలైంది.

కోచ్ ఆ రోడ్డు మీద మోకాళ్ల మీద కూర్చుని ఆ పిల్ల గుండె మీద చేతులతో నొక్కుతూనే ఉంది. అంబులెన్సు రావడానికి నలభై నిమిషాలు పట్టింది. దగ్గరి ఊళ్లో చిన్న ఆసుపత్రిలో సాయంత్రానికి లేదన్నారు.

డాక్టరు కోచ్‌ను అడిగాడు, ఈ వారంలో ఒంట్లో బాగా లేకపోవడం ఏమైనా గమనించారా అని. కోచ్ ఫోన్లో ఆ కాగితం ఫోటో చూపించింది. ఏడు రోజులు, ఏడు అంకెలు. నలభై తొమ్మిది, యాభై, యాభై ఒకటి, ఆఖరున యాభై. “పొద్దున కూడా బాగానే ఉంది” అంది కోచ్. నేను పక్కనే ఉన్నాను, తేలు కుట్టిన దొంగలాగా. తర్వాత చేసిన పరీక్షల్లోనూ గట్టి కారణం ఏదీ తేలలేదు. పుట్టుకతో వచ్చిన గుండె లోపం కావచ్చు, ఇంట్లో మిగతావాళ్లకూ చూపించండి అన్నారు. అరవై ఆరు తెలిసి ఉంటే వాళ్లు వేరే ఏదైనా అనేవారేమో. అనేవారు కాదేమో. నాకు తెలియదు. తెలిసే వీలు లేకుండా చేసింది నేను.

టీములో ఆ చోటు మా అమ్మాయికి వచ్చింది. వద్దంది, కోచ్ వెళ్లమంది, వెళ్లింది. చలికాలమంతా పందేలకు తీసుకువెళ్లాను. రాను పోను కారులో చెవులకు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కిటికీ వైపు తిరిగి కూర్చునేది. ఏమ్మా అంటే, “ఐయామ్ ఫైన్, అమ్మా” అనేది. అంతకుమించి ఆ ఏడాది మా మధ్య మాటలు లేవు. స్నేహితురాలు పోయిన దుఃఖం, దానంతట అదే తగ్గుతుందిలే అనుకున్నాను.

జనవరిలో కోచ్ ఈమెయిల్ పెట్టింది. ఆ తల్లి రెండో పిల్లను గుండె క్లినిక్కులో చూపిస్తోందట, డాక్టర్లు అక్క నాడి రికార్డు అడిగారట, అసలు కాగితాలు నా దగ్గర ఉన్నాయి గనక స్కాన్ చేసి పంపమంది. ఆ సాయంత్రం మా ఆయనకు మొదటిసారి చెప్పాను, ఆ పిల్ల అడిగింది, జాలిపడి రాశాను అని. మా ఆయనది వరంగల్ పక్క. ఎంత కంగారు పడ్డా గొంతు పెంచని మనిషి. “ఇప్పుడు చెప్తే ఆ పిల్ల తిరిగొస్తదా? లాయర్లొస్తరు, ఇన్సూరెన్సోళ్లొస్తరు. సిటిజన్‌షిప్ ఫైల్ ప్రాసెస్‌ల ఉన్నది. చప్పుడు చేయకుండ ఉండు” అన్నాడు. ఆయన మీద తోసేయడం లేదు. నేను వినాలనుకున్న మాటే ఆయన అన్నాడు. స్కాన్ చేసి పంపాను. మొదటిసారి రాసింది తొందరలో అనుకోవచ్చు. రెండోసారి పంపింది మాత్రం కాఫీ తాగుతూ, తీరిగ్గా.

వేళ్లలో నాడి మొదలైంది ఆ తర్వాతే.

మళ్లీ ఆగస్టు వచ్చింది, మళ్లీ వంటకు రమ్మన్నారు. రానంటే ఎందుకు రావని అడుగుతారు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టవుతుందని వెళ్లాను. అదే సరస్సు, అవే కాటేజీలు. క్లబ్బు వాళ్లు కొండపైన ఆ అమ్మాయి పేరుతో ఒక చెక్క బల్ల వేయించారు, ఆఖరి రోజు తల్లిని పిలిచారు.

ఈసారి పిల్లలు పదమూడు మంది. నేను ప్రతి పొద్దునా పద్నాలుగు గిన్నెలు తీసేదాన్ని. తీసి, ఒకటి వెనక్కి పెట్టేదాన్ని. మర్నాడు మళ్లీ పద్నాలుగే. రోలర్ స్కీలు రోడ్డెక్కితే వంటింట్లో కూర్చుని కర్రల చప్పుడు వినేదాన్ని. అందరూ పోయాక కాస్త ఎడంగా ఇంకో టక్కు టక్కు వినిపించేది. వరండాలోకి వస్తే రోడ్డు ఖాళీగా ఉండేది. ఆ గదిలో కింది మంచం మీద ఎవరూ పడుకోలేదు. ఒక పిల్ల బ్యాగు పెట్టింది, మధ్యాహ్నానికి తనే తీసేసింది. ఆరున్నరకు వెళ్లి అడిగితే పై మంచం నుంచి మా అమ్మాయి తన అంకె చెప్పేది. రాసుకుని కూడా నేను కదిలేదాన్ని కాదు. కింది మంచం వైపు చూస్తూ నిలబడిపోయేదాన్ని, ఇంకో అంకె రావాల్సి ఉన్నట్టు. అప్పుడే సరస్సు మీద లూన్ పక్షి అరిచేది. ఆడమనిషి దూరం నుంచి ఎవరినో పిలిచినట్టు ఉంటుంది ఆ అరుపు. మొదటి ఏడాది ఫోన్లో రికార్డు చేసి అమ్మకు పంపాను కూడా. ఇప్పుడు అది అరిస్తే అట్ట చంకన పెట్టుకుని బయటకు వచ్చేసేదాన్ని.

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. కోరిక తీరకుండా పోయినవాళ్లు ఆ చోటే తిరుగుతుంటారని చిన్నప్పుడు పెద్దవాళ్లు చెబితే ఎదురు వాదించినదాన్ని. కానీ ఆ వారం ఒక్కటి గట్టిగా అనిపించింది, ఆ పిల్ల అడుగుతున్నది టీములో చోటు కాదని. తన అంకె సరిచేయమంటోంది. ఆఫీసులో నేను పట్టుకున్న తప్పులన్నీ ఎవరో ఒకరు సరిచేశారు. నేను చేసినదాన్ని పట్టుకోవడానికి మనిషి లేడు.

ఆఖరి రోజు మధ్యాహ్నం తల్లి వచ్చింది. నైట్ షిఫ్టు దిగి నేరుగా ఒషావా నుంచి నడుపుకుంటూ వచ్చిందట, కాళ్లకు ఇంకా డ్యూటీ బూట్లే ఉన్నాయి. కోచ్ ఆవిడను కొండ మీదికి తీసుకువెళ్లి బల్ల చూపించి తీసుకొచ్చింది. పిల్లలు ఆఖరి రౌండుకు రోడ్డెక్కారు, కోచ్ వాళ్ల వెనక వ్యానులో వెళ్లింది. ఆవిడ వంటింట్లోకి వచ్చి, ఎవరూ అడగకుండానే సింకులో గిన్నెలు తోమడం మొదలుపెట్టింది. వద్దన్నా వినలేదు, చేతులు ఊరికే ఉంటే కష్టంగా ఉంటుందంది.

తోముతూనే చెప్పింది. చిన్నదానికి పదకొండేళ్లు, ఈత అంటే ప్రాణం. అక్క పోయిన దగ్గర్నుంచీ ఈత లేదు, స్కూల్లో ఆటల పీరియడు కూడా లేదు. క్లినిక్కులో మూడు సార్లు పరీక్షలు చేశారు, అన్నీ బాగానే ఉన్నాయి. అయినా ఈవిడకు పంపే ధైర్యం లేదు. పెద్దదానికి కూడా అన్నీ బాగానే ఉన్నాయి కదా, తను పోయిన రోజు పొద్దున కూడా యాభై కదా. ఈవిడ తండ్రి నలభై నాలుగో ఏట ఇంటి ముందు మంచు ఎత్తిపోస్తూ పడిపోయాడట. అది తన రక్తంలో ఉందని, తన నుంచే పిల్లకు వెళ్లిందని చెప్పింది. ఏడవలేదు. “నేనే ఇచ్చాను దానికి” అంది, ఒక ప్లేటు నీళ్లు వంచి పక్కన పెడుతూ.

నేను స్టవ్ ఆపాను. ఇంక ఆగే శక్తి లేదు. లాయర్లు రానీ, ఎవరైనా రానీ.

“ఆ అంకె నిజం కాదు” అన్నాను. “అరవై ఆరు. నేనే చెయ్యి పట్టుకుని లెక్కపెట్టాను. పెట్టి, యాభై అని రాశాను.”

ఆవిడ కుళాయి కట్టేసింది. చేతులు తుడుచుకోలేదు. నా వైపు తిరిగింది. తిడుతుందనుకున్నాను. ఒక్కటే అడిగింది.

“రాయమని తను అడిగిందా?”

అడిగింది అనే మాట నా నోట్లో సిద్ధంగా ఉంది. ఏడాదిగా రోజూ నాకు నేను చెప్పుకున్నదే, మా ఆయనకు చెప్పిందే, పైన మీకు రాసిందే. గొంతు తగ్గించి ప్లీజ్ ఆంటీ అందని. కానీ ఆ తల్లి మొహం చూస్తూ ఆ గొంతు గుర్తు తెచ్చుకోబోతే అది ఆ పిల్ల గొంతు కాలేదు. ఆ మాట తను అనలేదు. ఆ మాట నేను కుక్ చేసుకున్నాను, జవాబు దగ్గర మొదలుపెట్టి వెనక్కి.

తను అన్నది ఇది: “అరవై ఆరు, ఆంటీ. అయితే నేను ఇవాళ ఆగిపోవాలి కదా.” అని మొహం గోడ వైపు తిప్పుకుంది. అంతే.

అప్పుడు నా బుర్రలో తిరిగింది జాలి కాదు. ఈ పిల్ల ఆగిపోతే ఆ చోటు మా అమ్మాయికి వస్తుంది. కాగితం రాసేది నేను. తన కూతురి కోసం వంటావిడ ఎదుటి పిల్లను మంచాన పడుకోబెట్టింది అని నలుగురూ అంటారు. ఆ ఒక్క మాట పడకూడదని, నా పేరు చెడకూడదని యాభై రాశాను. టెన్షన్ వల్ల అలా కొట్టుకుంటుంది, ఏం కాదు, లేచి గంజి తాగు అని భుజం తట్టాను కూడా. పిల్ల నా మాట నమ్మి లేచింది.

ఇదంతా ఆవిడకు చెప్పాను. నా ఇంగ్లీషు అప్పుడు ఎలా ఏడ్చిందో దేవుడికే తెలియాలి, కానీ ఒక్క ముక్క దాచకుండా చెప్పాను. “తను అడగలేదు. తను ఆగిపోతానంది” అన్నాను.

ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుంది. “అయితే తను నిజమే చెప్పింది” అంది. మళ్లీ తనలో తను అనుకుంటున్నట్టు, “అంత ముఖ్యమైన రోజున కూడా” అంది. అప్పుడు ఏడ్చింది. నేను దగ్గరకు వెళ్లలేదు, వెళ్లే హక్కు లేదు.

కాసేపటికి హ్యాండ్‌బ్యాగు తెరిచి నేను జనవరిలో పంపిన కాగితం తీసింది. నాలుగు మడతలు పడి, అంచులు నలిగి ఉంది. వంటింటి బల్ల మీద పరిచి నా వైపు జరిపింది. దిద్దమంది. యాభై కొట్టేసి పక్కన అరవై ఆరు వేశాను. క్లినిక్కు వాళ్లకు కావాలి, కింద సంతకం పెట్టమంది. పెట్టాను. కోచ్ రాగానే ఆవిడకూ నన్నే చెప్పమంది. సరేనన్నాను.

క్షమించానని ఆవిడ అనలేదు. కాగితం బ్యాగులో పెట్టుకుంటూ, రోడ్డు మీద కర్రల చప్పుడు దగ్గరవుతుంటే కిటికీలోంచి చూసింది. ముందుగా మా అమ్మాయి వస్తోంది.

“మీ అమ్మాయి నాకు ఉత్తరం రాసింది, తెలుసా” అంది. నాకు తెలియదు. “క్రిస్మస్ ముందు. ఆ రోజు మలుపులో ఆగి ఉంటే తను బతికేదని, ఆగకుండా దాటిపోయానని, నన్ను క్షమించమని. నాలుగు పేజీలు. దానికి నేనింకా జవాబు రాయలేదు, ఏం రాయాలో తెలియక.”

నేను కిటికీలోంచి మా అమ్మాయిని చూశాను.

“కోచ్‌కు తర్వాత చెప్పండి” అంది. “ముందు మీ పిల్లకు చెప్పండి.”

బయట మా అమ్మాయి వరండా మెట్టు మీద కూర్చుని రోలర్ స్కీల పట్టీలు విప్పుకుంటోంది, చెవులకు హెడ్‌ఫోన్స్ ఉన్నాయి. నేను వెళ్లి పక్కన కూర్చుని, వాటిని నా చేత్తో తీశాను.